ప్రాసెసర్, కూలర్, మదర్‌బోర్డు: ఈ మూడింటికీ ముడి ఎప్పుడు పడింది?

ఉయ్యూరు నుంచి మళ్ళీ నేనే.

2001 సెప్టెంబర్‌లో ఒక వీడియో ఇంటర్నెట్‌లో తెగ తిరిగింది. అప్పటికి యూట్యూబ్ ఇంకా పుట్టలేదు. టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ వాళ్ళు తీసిన వీడియో అది. క్వేక్ 3 గేమ్ నడుస్తుండగా, ప్రాసెసర్ మీదున్న కూలర్‌ని చేత్తో పీకేశారు. ఇంటెల్ పెంటియం 4 ఏం చేసిందంటే, వేడి పెరుగుతోందని తెలుసుకుని తన స్పీడ్ తనే తగ్గించుకుంది. నత్తనడకే, కానీ గేమ్ ఆగలేదు. ఏఎమ్‌డీ ఆథ్లాన్ దగ్గరికొచ్చేసరికి పొగ. కొన్ని సెకన్లలో ప్రాసెసర్ చచ్చిపోయింది.

"ఏఎమ్‌డీ అంటే హీట్ అన్నా" అనే మాట ఇవాళ్టికీ మన దగ్గర వినబడుతుంది కదా, దాని వేళ్ళు చాలావరకు అక్కడున్నాయి. అనేవాళ్ళలో సగం మంది ఆ వీడియో వచ్చేటప్పటికి పుట్టలేదు కూడా. అయినా మాట మాత్రం తాత నుంచి మనవడికి ఆస్తి వచ్చినట్టు వచ్చేసింది.

నాకు ఆ వీడియోలో ఇంకో విషయం ముఖ్యం. ఇంకో పదిహేనేళ్ళు వెనక్కి వెళ్తే పీకడానికి అసలు కూలరే లేదు!

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో ప్రాసెసర్ ఇంటెల్ 8088. స్పీడ్ 4.77 మెగాహెర్ట్జ్. దాని మీద ఫ్యాన్ లేదు, అల్యూమినియం రెక్కలు లేవు, ఏమీ లేవు. నల్లటి చిప్పు బోర్డు మీద అలా పడుకుని ఉండేది. 1985లో వచ్చిన 386 కూడా అంతే. 486లో స్పీడ్ రకాలు వచ్చాక కొన్నింటి మీద చిన్న రెక్కల బిళ్ళ అంటించడం మొదలైంది. 1993లో పెంటియం వచ్చాక ఫ్యాన్ మామూలైపోయింది.

మరి కంప్యూటర్లకి ఏసీ రూములు ఎందుకుండేవి అంటారేమో. అది అంతకుముందు తరం పెద్ద మెషిన్ల అలవాటు. మన తెలుగు నేల మీద ఆ కథ హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌తో మొదలైంది. 1967లో పెట్టిన సంస్థ, వెనకున్న మనిషి పశ్చిమ గోదావరికి చెందిన డాక్టర్ ఏ.ఎస్. రావు గారు. హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్ అని బోర్డు చూసే ఉంటారు, ఆయన పేరే అది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, టీడీసీ 12 అనే మెషిన్ 1969లో వచ్చింది. ఆ కాలం కంప్యూటర్లు చల్లటి గదిలో ఉండాల్సిందే. తర్వాత మెషిన్ చిన్నదై టేబుల్ మీదికి వచ్చినా ఆ మర్యాద మాత్రం పోలేదు. నేను స్కూల్లో ఉన్నప్పుడు కూడా కంప్యూటర్ ల్యాబ్ బయట చెప్పులు వదిలే లోపలికెళ్ళాలి. హెడ్‌మాస్టర్ గదిలో ఫ్యాన్, ల్యాబులో ఏసీ. గుడికీ ల్యాబుకీ ఒకటే రూల్ అన్నమాట.

సరే, ఇప్పుడు సాకెట్ కథకి వద్దాం. అసలు విషయం ఇక్కడుంది.

ఐబీఎం తన పీసీకి ఇంటెల్ చిప్ తీసుకునేటప్పుడు ఒక షరతు పెట్టింది. ఒక్క కంపెనీ మీదే ఆధారపడం, ఇదే చిప్ ఇంకొకళ్ళు కూడా తయారుచేయాలి అని. అలా 1982లో ఇంటెల్, ఏఎమ్‌డీ ఒప్పందం రాసుకున్నాయి. అంటే ఇవాళ మనం కొట్టుకునే రెండు పార్టీలూ ఒకప్పుడు ఒకే చిప్ తయారుచేసినవాళ్ళే. తర్వాత 386 దగ్గర ఇంటెల్ "ఇది మీకు ఇవ్వం" అంది. కోర్టు గొడవలు ఏళ్ళ తరబడి నడిచాయి. ఈలోగా 1991లో ఏఎమ్‌డీ సొంతంగా ఏఎమ్386 తెచ్చేసింది. 386 అనే నంబర్ మీద ట్రేడ్‌మార్క్ హక్కు రాదని తేలడంతో, తర్వాతి చిప్‌కి ఇంటెల్ 586 అని కాకుండా పెంటియం అని పేరు పెట్టుకుంది.

90ల మధ్యలో సాకెట్ 7 అని ఒకటి వచ్చింది. 321 పిన్నుల సాకెట్. దీంట్లో ఇంటెల్ పెంటియం పెట్టుకోవచ్చు, ఏఎమ్‌డీ కే5, కే6 పెట్టుకోవచ్చు, సైరిక్స్ అనే మూడో కంపెనీ చిప్ కూడా పెట్టుకోవచ్చు. బోర్డు సపోర్ట్ ఉంటే చాలు, బోర్డు అదే. మన ఊళ్ళో ట్రాక్టర్ ఏ కంపెనీదైనా వెనక అదే ట్రక్కు తగిలించుకుంటాం చూడండి, అలాగ. ట్రాక్టర్ మార్చినప్పుడల్లా ట్రక్కు కూడా కొత్తది కొనాలంటే రైతు ఊరుకుంటాడా?

ఆ కే6 వెనక ఒక మన దేశపు మనిషి ఉన్నాడు. వినోద్ ధామ్. పుణెలో పుట్టి, ఢిల్లీలో ఇంజినీరింగ్ చదివి, ఇంటెల్‌లో పెంటియం టీమ్‌ని నడిపిన ఆయన. "పెంటియం పితామహుడు" అని పేపర్లు రాసేది ఈయన గురించే. తర్వాత ఇంటెల్ వదిలి నెక్స్‌జెన్ అనే చిన్న కంపెనీలో చేరాడు. ఆ నెక్స్‌జెన్‌ని ఏఎమ్‌డీ కొనేసింది. వాళ్ళ డిజైనే 1997లో కే6 అయింది. పెంటియం చేసిన మనిషే, పెంటియం సాకెట్‌లో కూర్చునే పోటీ చిప్ వెనక కూడా ఉన్నాడు. సినిమా కథలా ఉంటుంది కానీ నిజం.

అదే 1997లో ఇంటెల్ తలుపు మూసేసింది. మే నెలలో పెంటియం 2 వచ్చింది, సాకెట్ లేకుండా. వీడియో గేమ్ క్యాసెట్‌లా ఒక డబ్బా, దాన్ని స్లాట్ 1 అనే పొడవాటి గాడిలో గుచ్చాలి. ఆ స్లాట్ మీద హక్కులు ఇంటెల్‌వి. ఏఎమ్‌డీ వాడటానికి లేదు. 1999లో ఆథ్లాన్‌తో ఏఎమ్‌డీ స్లాట్ ఏ తెచ్చింది, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, లోపల కరెంటు లెక్క వేరు. ఒకదాని చిప్ ఇంకోదాంట్లో పనిచేయదు. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా, మీరు మదర్‌బోర్డు కొన్నారంటే కంపెనీని కూడా కొనుక్కున్నట్టే. ప్రాసెసర్‌కీ బోర్డుకీ ముడి అలా పడింది. ఇది కంపెనీ తీసుకున్న నిర్ణయం, ప్రకృతి ధర్మం కాదు.

కూలర్‌ని ఈ ముడిలోకి తెచ్చింది మాత్రం వేడే. 2000 మార్చిలో ఏఎమ్‌డీ 1 గిగాహెర్ట్జ్ దాటింది, రెండు రోజుల తర్వాత ఇంటెల్ దాటింది. ఆ పందెం పిచ్చిలో 2004 ఫిబ్రవరిలో ప్రెస్కాట్ అనే పెంటియం 4 వచ్చింది. పెద్ద మోడళ్ళు 115 వాట్లు. చేతికి తగిలితే బొబ్బే. దీని కోసం ఇంటెల్ ఏకంగా మదర్‌బోర్డు ఆకారమే మార్చాలని చూసింది. బీటీఎక్స్ అని, గాలి సూటిగా ప్రాసెసర్ మీదికి వచ్చేలా భాగాలన్నీ జరిపేసిన బోర్డు. జనం పట్టించుకోలేదు, రెండేళ్ళకే వదిలేశారు. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామని చెప్పి, 2004 అక్టోబర్‌లో రద్దు చేశారు. ఇంటెల్ సీఈఓ క్రెయిగ్ బారెట్ ఒక సభలో స్టేజీ మీద మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమన్నాడు. సరదాకే అనుకోండి, అయినా ఆ కుర్చీలో ఉన్న మనిషి మోకాళ్ళ మీదికి వచ్చాడంటే వేడి ఏ స్థాయిలో ఓడించిందో చూడండి. స్పీడ్ పెంచడం ఇక కుదరదని కోర్ల సంఖ్య పెంచడం మొదలుపెట్టారు. మీ ఫోన్‌లో ఎనిమిది కోర్లున్నాయని గొప్పగా చెప్పుకుంటారే, దానికి కారణాల్లో ఈ ఓటమి ఒకటి.

అదే ఏడాది ఎల్‌జీఏ 775 వచ్చింది. పిన్నులు ప్రాసెసర్ కింద నుంచి బోర్డు మీదికి మారాయి. అంటే పిన్ను వంగితే పోయేది ఇక ప్రాసెసర్ కాదు, బోర్డు. అందుకే షాపులో బోర్డు తీసుకునేటప్పుడు సాకెట్ మీదున్న ప్లాస్టిక్ మూత తీయించి చూడండి. మూత మాత్రం పారేయొద్దు, వారంటీకి అడుగుతారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య మా బాబాయ్ కొడుక్కి పీసీ కావాల్సొచ్చింది. బీటెక్ ఫస్ట్ ఇయర్. మినుములు అమ్మిన డబ్బులో 60 వేలు పక్కన పెట్టాడు బాబాయ్. కోడింగ్‌కీ గేమింగ్‌కీ కలిపి ఒకటే మెషిన్, నాలుగేళ్ళు ఆడాలి. మావాడు బెజవాడలో ఒక షాపుకెళ్ళి కొటేషన్ తెచ్చి నాకు చూపించాడు.

"అన్నయ్యా, ఐ7 ఇస్తానంటున్నాడు. 32 జీబీ ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది. లైట్లు కూడా వస్తాయి."

"ఐ7 లో ఏ జనరేషన్ రా?"

"అది రాయలేదు. ఐ7 అంటే ఐ7 యే కదా?"

ఫోన్ చేసి అడిగితే రెండో జనరేషన్ అని తేలింది. 2011లో వచ్చిన ప్రాసెసర్. బోర్డు కొత్తదే, కానీ పేరు తెలియని కంపెనీ, పాత సాకెట్ మీద కొత్తగా చేసింది. ఇందులో ఇంకో ప్రాసెసర్ వేద్దామన్నా మహా అయితే మూడో జనరేషన్. అక్కడితో దారి బంద్. విండోస్ 11 కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా సపోర్ట్ ఉంది. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆపేసింది. విండోస్ 11 మీద వాలొరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 అడుగుతుంది, ఆ బోర్డులో అది ఉండదు. 60 వేలు పోసి పద్నాలుగేళ్ళ నాటి చిప్ ఇంటికి తెచ్చుకోవడం అన్నమాట. మినుములు మళ్ళీ పండేది ఏడాదికి.

బాబాయ్ డౌట్ ఇంకోటి. "కంప్యూటర్‌కి కూలర్ ఏంట్రా? ఇంట్లో మనకే లేదు." మన దగ్గర కూలర్ అంటే ఎండాకాలం నీళ్ళు పోసే గడ్డి కూలరే కదా మరి.

ఇప్పుడు 2017 కథ. బోర్డు ముందు చూడాలని నేను ఎందుకు అంటానో ఇందులో ఉంది.

ఇంటెల్ 2015లో ఎల్‌జీఏ 1151 సాకెట్ తెచ్చింది. 2017 అక్టోబర్‌లో ఎనిమిదో జనరేషన్ వచ్చింది. సాకెట్ పేరు అదే, 1151. పిన్నుల లెక్క అదే. చిప్ పాత బోర్డులో చక్కగా కూర్చుంటుంది. కానీ ఆన్ అవదు! కొత్త 300 సిరీస్ బోర్డు కొనాల్సిందే. ఏడాది కిందట బోర్డు కొన్నవాడి పరిస్థితి ఊహించుకోండి.

అదే 2017 మార్చిలో ఏఎమ్‌డీ రైజెన్ వచ్చింది, ఏఎం4 సాకెట్ మీద. ఏఎమ్‌డీ ఏమీ దేవత కాదు, అది ముందే చెప్తున్నా. 2020 మేలో "తర్వాతి రైజెన్ 400 సిరీస్ బోర్డుల్లో పనిచేయదు" అని ప్రకటించింది. బయాస్ చిప్‌లో చోటు చాలట్లేదని కారణం చెప్పింది. కొన్నవాళ్ళు గట్టిగా గొడవ చేస్తే అదే నెలలో వెనక్కి తగ్గింది. 2022కి వచ్చేసరికి మొదటి 300 సిరీస్ బోర్డులకి కూడా సపోర్ట్ ఇచ్చారు. ఆ ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీ అప్పటికి గేమింగ్‌లో అందరికంటే ముందున్న చిప్పుల్లో ఒకటి. 2017లో బోర్డు కొన్నవాడు, బోర్డు కంపెనీ బయాస్ ఇస్తే, ఐదేళ్ళ తర్వాత అదే బోర్డులో దాన్ని పెట్టుకోగలిగాడు. పాత చిప్ అమ్ముకున్నాడు, బోర్డు, ర్యామ్, కూలర్ అన్నీ అవే. సాకెట్ 7 రోజులు కాసేపు తిరిగొచ్చినట్టే.

బయాస్ గురించి ఇంకో సంగతి. 2018 ఫిబ్రవరిలో రైజెన్ 2200జీ, 2400జీ వచ్చాయి. అప్పటికే షాపుల్లో ఉన్న బోర్డులు పాత బయాస్‌తో ఉండటంతో కొత్త చిప్ పెడితే ఆన్ అవలేదు. బయాస్ అప్‌డేట్ చేయాలంటే ఆన్ అవ్వాలి, ఆన్ అవ్వాలంటే అప్‌డేట్ కావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు సామెత. చివరికి ఏఎమ్‌డీ ఒక పాత ప్రాసెసర్‌ని పోస్టులో అప్పుగా పంపేది, అప్‌డేట్ చేసుకుని తిరిగి ఇచ్చేయమని. ఇప్పుడు చాలా బోర్డులకి ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ వేసే బటన్ ఉంటోంది. కొనేటప్పుడు అడగండి.

ఆ 2200జీలో "జీ" అంటే లోపలే గ్రాఫిక్స్ ఉన్నాయని. విడిగా కార్డు కొనకుండా తక్కువ సెట్టింగ్స్‌లో గేమ్ ఆడొచ్చు. ఆ వేగా గ్రాఫిక్స్ తయారైన రోజుల్లో ఏఎమ్‌డీ రేడియాన్ విభాగం అధిపతి మన కొవ్వూరు మనిషి, రాజా కోడూరి. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్. 2017 నవంబర్‌లో ఆయన ఏఎమ్‌డీ వదిలి ఇంటెల్‌లో చేరాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటెల్ ప్రాసెసర్, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ ఒకే ప్యాకేజీలో వస్తున్నాయని ఇంటెల్ ప్రకటించింది. గోదావరి గట్టున పుట్టిన మనిషి రెండు కంపెనీల్లోనూ గ్రాఫిక్స్ నడిపాడు. మనం మాత్రం ఫ్యాన్ వార్ చేసుకుంటాం. అన్నట్టు వేగా అంటే ఆకాశంలో మన అభిజిత్ నక్షత్రమే.

ఇక మన ఎండ సంగతి. ఏ గాలి కూలర్ అయినా ప్రాసెసర్‌ని గది కంటే చల్లగా చేయలేదు. రాగి గొట్టాలున్న టవర్ కూలర్ లోపల జరిగేది అన్నం గిన్నె మూత కథే: అడుగున నీళ్ళు ఆవిరవుతాయి, పైన చల్లటి చోట మళ్ళీ నీళ్ళవుతాయి, గొట్టం లోపలి వత్తి లాంటి పొర వాటిని కిందికి లాక్కొస్తుంది. వేడి పైకి చేరుతుంది, ఫ్యాన్ దాన్ని గదిలోకి తోస్తుంది. మరి గదే 42 డిగ్రీలుంటే? ఉదాహరణకి ఒక కూలర్ గది కంటే 45 డిగ్రీలు ఎక్కువ దగ్గర ప్రాసెసర్‌ని నిలబెడుతుందనుకోండి. 23 డిగ్రీల గదిలో రివ్యూ చేసినవాడికి 68 వస్తుంది, "సూపర్" అంటాడు. మే నెలలో ఉయ్యూరులో, ఏసీ లేని గదిలో, అదే కూలర్‌తో 87. రైజెన్ 7000 రకాల్లో చాలావాటికి హద్దు 95. పైగా పెట్టె లోపలి గాలి గది కంటే వేడి. నూర్పిళ్ళప్పుడు రెక్కల్లో చేరే దుమ్ము దీనికి అదనం. కాలిపోదు, 2001 రోజులు పోయాయి, తనే స్పీడ్ తగ్గించుకుంటుంది. కానీ డబ్బు పెట్టి కొన్న స్పీడ్ ఎండాకాలం మధ్యాహ్నాలు మనకి దక్కదు.

అందుకే మనలాంటి ఊళ్ళకి నేను తక్కువ వాట్ల చిప్ వైపు ఉంటాను. రైజెన్ 7600 ఉంది, 65 వాట్ల రకం, డబ్బాలోనే కూలర్ వస్తుంది. 7600ఎక్స్ 105 వాట్లు, కూలర్ రాదు. గేమ్‌లో రెండిటికీ తేడా చాలా తక్కువ. ఇంటెల్‌లో కే అక్షరం ఉన్నవాటికి 2015 నుంచీ కూలర్ ఇవ్వట్లేదు. షాపువాడు ఆ ఖర్చు కొటేషన్‌లో కింద ఎక్కడో కలుపుతాడు.

కూలర్ పాతది ఉంటే రంధ్రాల లెక్క చూడండి. ఇంటెల్‌లో 1156 నుంచి 1200 దాకా సాకెట్లకి రంధ్రాల మధ్య 75 మిల్లీమీటర్లు. 2021లో 1700 వచ్చాక 78. ఆ మూడు మిల్లీమీటర్ల కోసం వేరే బిగింపు కావాలి. ఏఎం4కి పనికొచ్చిన కూలర్లు చాలావరకు ఏఎం5కి పనికొస్తాయి.

బోర్డులో చూడాల్సింది లైట్లు కాదు, ప్రాసెసర్ పక్కనున్న వీఆర్ఎం. 12 వోల్టులని 1.2 వోల్టుల చుట్టుపక్కలకి దించేది అదే. 100 వాట్ల చిప్‌కి 1.2 వోల్టుల దగ్గర 80 ఆంపియర్లు పైనే పారాలి. మన ఇంట్లో ఏసీకి పెట్టే పెద్ద ప్లగ్గే 16 ఆంపియర్లు! అందుకని వీఆర్ఎం కూడా కాలుతుంది. కిందికి ఊదే మామూలు డబ్బా కూలర్ దాని మీదికి కూడా గాలి కొడుతుంది. లిక్విడ్ కూలర్ పెడితే ఆ గాలి ఉండదు. చవక బోర్డు మీద ఖరీదైన లిక్విడ్ కూలర్ పెట్టొద్దని నేను అనేది ఇందుకే. బోర్డు ఇచ్చే వోల్టేజ్ ఎక్కువైనా ముప్పే. 2023 ఏప్రిల్‌లో 7800ఎక్స్3డీ చిప్పులు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయి, ఆ తర్వాత ఏఎమ్‌డీ ఒక వోల్టేజ్‌ని 1.3కి మించకుండా కట్టేసింది. 2024లో ఇంటెల్ 13, 14 జనరేషన్ల గొడవలోనూ వోల్టేజే. ఆగస్టులో మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీ రెండేళ్ళు పెంచారు. పాత స్టాక్ కొంటే మొదట చేయాల్సింది బయాస్ అప్‌డేట్.

మావాడికి చివరికి ఏఎం5 మీద, హీట్‌సింక్ ఉన్న మామూలు బీ650 బోర్డు, 7600, డబ్బాలో వచ్చిన కూలరే తీసుకున్నాం. ఏఎం5కి 2027 దాకా, ఆపైన కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎమ్‌డీ చెప్పింది. 2020 మే గుర్తుంది కాబట్టి ఆ మాటని నేను సగమే నమ్ముతున్నాను. గ్రాఫిక్స్ కార్డుకి డబ్బు సరిపోలేదు. ఆ చిప్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్‌తో కోడింగ్ నడుస్తుంది, వాలొరెంట్ తక్కువ సెట్టింగ్స్‌లో ఆడుకుంటున్నాడు. కార్డు సంగతి వచ్చే మినుములప్పుడు చూద్దామన్నాడు బాబాయ్. వాడికి లైట్లు రాలేదని కాస్త అలక ఉంది.

వచ్చే ఎపిసోడ్ పవర్ సప్లై, యూపీఎస్ మీద. మన కరెంటు ఎలా వచ్చి పోతుందో తెలుసుగా, దానికి ఏ వాట్లు, ఏ రకం అనేది వివరంగా మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.